మీ ప్రశ్న – మాస్టారి జవాబు: గ్యాస్ బండ ఎక్కడి నుంచి బయలుదేరింది?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మొన్న గ్యాస్ బండి వచ్చినప్పుడు ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి “అమ్మా, ఈ గ్యాస్ ఎక్కడ తయారవుతుంది?” అని అడిగాడు. విశాఖపట్నంలో అన్నాను. “మరి విశాఖపట్నానికి ఎక్కడి నుంచి వస్తుంది?” అన్నాడు. నాకు జవాబు తెలియలేదు. ఒకరు ప్రొపేన్ అంటారు, ఒకరు బ్యూటేన్ అంటారు, బండ మీద ఎల్‌పీజీ అని ఉంటుంది. మూడూ ఒకటేనా? భూమిలోంచి వచ్చేదే అయితే మన వైపు బోర్లు వేస్తే రాదా?
– ఒక గృహిణి, కంచిలి మండలం

జవాబు: అమ్మా, మీ అబ్బాయి అడిగిన రెండో ప్రశ్న నాకు చాలా నచ్చింది. సోంపేట, టెక్కలి, శ్రీకాకుళం జూనియర్ కాలేజీల్లో ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పాను. మొదటి జవాబు దగ్గర ఆగిపోకుండా “మరి అక్కడికి?” అని అడిగే పిల్లలు ఏడాదికి ఒకరో ఇద్దరో కనిపించేవారు. వాడిని అడగనివ్వండి.

ముందు బండ లోపల ఏముందో చెబుతాను. 2000వ సంవత్సరంలో మా పెద్దమ్మకు దీపం పథకంలో గ్యాస్ వచ్చింది. కవిటి దగ్గర కొబ్బరి తోటల మధ్య ఇల్లు. అప్పటిదాకా ఎండిన కొబ్బరి మట్టలు, జీడి కొమ్మలు, సరుగుడు పుల్లలే ఆవిడ వంటచెరుకు. బండ దించిన మనిషి అటు వెళ్ళగానే ఆవిడ దాన్ని కాస్త వంచి అటూ ఇటూ ఊపి చూసింది. లోపల గళగళమని చప్పుడు. గాభరాపడి నన్ను కేకేసింది. “గ్యాసన్నారు, నీళ్ళు పోసిచ్చారేటి బావూ?”

ఆవిడ విన్నది సరిగ్గానే విన్నది. బండలో ఉన్నది నీళ్ళలాంటి ద్రవమే. 14.2 కిలోల బండలో సుమారు 26 లీటర్ల ద్రవం ఉంటుంది, దాని పైన కొంచెం జాగాలో మాత్రమే ఆవిరి. మీరు స్టవ్ తిప్పినప్పుడు పైనున్న ఆవిరి వెళ్తుంది, కింద ద్రవం మరిగి ఆ జాగాను మళ్ళీ నింపుతుంది. ఆ 26 లీటర్లూ ఆవిరైతే ఆరు వేల లీటర్లకు పైగా గ్యాస్ అవుతుంది. అంత గ్యాస్‌ను ఆడవాళ్ళు పక్కకి జరపగలిగే బండలో పట్టించగలిగారంటే, అది ద్రవంగా మారడానికి ఒప్పుకునే గ్యాస్ కాబట్టే.

ఆ ఒప్పుకునేవి ఇద్దరు అన్నదమ్ములు. ప్రొపేన్, బ్యూటేన్. కర్బన పరమాణువులను పూసల్లా గుచ్చుతున్నామనుకోండి. ఒక్క పూస ఉంటే మీథేన్, రెండుంటే ఈథేన్, మూడైతే ప్రొపేన్, నాలుగైతే బ్యూటేన్. ఇంకా పెంచుకుంటూ పోతే పెట్రోలు, కిరసనాయిలు, డీజిలు, చివరికి రోడ్డు మీద వేసే తారు. అన్నీ ఒకే ఇంటివి, దండ పొడవే తేడా. మన వంటింటి ఎల్‌పీజీ ప్రొపేన్, బ్యూటేన్‌ల కలయిక. చలి దేశాల్లో ఒట్టి ప్రొపేనే అమ్ముతారు, ఎందుకంటే బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర మరగడం మానేస్తుంది. ప్రొపేన్ మాత్రం మైనస్ 42 డిగ్రీల దాకా మరుగుతూనే ఉంటుంది.

ఇక ఎక్కడి నుంచి అన్న మాట. నా దగ్గర ఇంటర్ చదివిన ఒక కుర్రాడు ఐటీఐలో ఫిట్టర్ చేసి ఖతార్ వెళ్ళాడు. మన ఉద్దానం పల్లెల్లో ఇంటికొక వెల్డరో ఫిట్టరో రిగ్గరో గల్ఫ్‌లో ఉంటాడని మీకు నేను చెప్పనక్కర్లేదు. ఈ కుర్రాడు అక్కడి గ్యాస్ ప్లాంట్లు ఉండే రాస్ లఫాన్‌లో పైపు ఫిట్టర్. సెలవులకి వచ్చినప్పుడు మా అరుగు మీద కూర్చుని నేల మీద సుద్దముక్కతో ప్లాంటు గీసి చూపించాడు. నేను బోర్డు మీద ఏళ్ళ తరబడి గీసిన బొమ్మనే వాడు చేతులతో బిగించాడు. ఆ సాయంత్రం వాడే నాకు మాస్టారు.

ఖతార్ దగ్గర సముద్రం అడుగున, సుమారు 25 కోట్ల ఏళ్ళ నాటి సున్నపురాతి పొరల్లో ప్రపంచంలోకెల్లా పెద్ద గ్యాస్ నిక్షేపం ఉంది. 1971లో కనుగొన్నారు. అందులో పెద్ద భాగం ఖతార్‌ది, మిగతాది ఇరాన్‌ది. ఏనాటివో సముద్రాల్లో బతికిన కంటికి కనపడని జీవులు చచ్చి, బురదలో కూరుకుపోయి, పైన పొరలు పేరుకుని, ఆ బరువుకీ లోపలి వేడికీ కోట్ల ఏళ్ళు ఉడికితే చమురు, ఇంకా వేడెక్కితే గ్యాస్ అవుతాయి. బావిలోంచి పైకి వచ్చే గ్యాస్‌లో ఎక్కువ భాగం మీథేన్. దానితోపాటు కొంచెం కొంచెంగా ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్, కుళ్ళిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడు, బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి వస్తాయి. అంటే ప్రొపేన్‌ను ఎవరూ ‘తయారు’ చేయడం లేదు, ఉన్నదాన్ని ఏరి తీస్తున్నారు. మీ అబ్బాయికి ఈ మాట తప్పకుండా చెప్పండి.

ఏరడం ఎలాగంటారా? ముందు చెడు వాయువుల్నీ తేమనూ తీసేస్తారు. తర్వాత గ్యాస్‌ను బాగా ఒత్తిడి మీద నుంచి ఒక్కసారిగా వదులుతారు. సైకిల్ ట్యూబ్ వాల్వ్ నొక్కి గాలి వదిలితే వేలికి చల్లగా తగులుతుంది కదా, అదే సూత్రం. అక్కడ చల్లదనం మైనస్ 80 డిగ్రీలు, ఇంకా కిందికి కూడా పోతుంది. “బయట 48 డిగ్రీల ఎండ మాస్టారూ, చెమట కళ్ళల్లోకి కారిపోతుంటాది. చెయ్యి చాస్తే అందే పైపులో మాత్రం మైనస్ 80” అన్నాడు మావాడు. ఆ చలికి ప్రొపేన్, బ్యూటేన్ ద్రవమై కిందికి దిగిపోతాయి. మీథేన్ మాత్రం వాయువుగానే పైకి పోతుంది.

దిగిన ద్రవాన్ని పొడుగాటి టవర్లలోకి పంపి మెల్లగా వేడి చేస్తారు. సాలూరు, పార్వతీపురం వైపు ఇప్పసారా బట్టీ చూసినవాళ్ళకి ఈ సంగతి చెప్పకుండానే అర్థమవుతుంది. ముందు మరిగేది ముందు పైకి పోతుంది, దాన్ని చల్లార్చి వేరే పట్టుకోవాలి. మొదటి టవర్‌లో మిగిలిన మీథేన్ పోతుంది, రెండోదానిలో ఈథేన్, మూడోదానిలో టవర్ పైనుంచి ప్రొపేన్ వస్తుంది, కిందినుంచి బ్యూటేనూ బరువైనవీ దిగుతాయి.

రెండో దారి రిఫైనరీ. విశాఖ మల్కాపురంలో 1957లో కాల్టెక్స్ కంపెనీ మొదలుపెట్టి, ఇప్పుడు హిందుస్థాన్ పెట్రోలియం చేతిలో ఉన్న రిఫైనరీ మీకు తెలిసిందే. అక్కడ ముడిచమురును 350 డిగ్రీల పైన కాచి టవర్‌లోకి పంపితే అన్నింటికన్నా పైకి వచ్చేది ఈ గ్యాసే. అయితే అలా దొరికేది కొంచెమే. అందుకని అడుగున మిగిలిన బరువైన నూనెను 500 డిగ్రీల దగ్గర ఒక రకం పొడి ఉత్ప్రేరకం మీదుగా పంపుతారు. పొడవాటి దండలు తెగి ముక్కలవుతాయి. కొబ్బరి మట్టను కత్తితో నరికి పొయ్యిలోకి సరిపోయే పుల్లలు చేసినట్టు. ఆ ముక్కల్లో చాలా మటుకు పెట్రోలు, కొంత ఎల్‌పీజీ. ఇక్కడ మాత్రం ‘తయారు చేశారు’ అనొచ్చు.

మన దేశపు రిఫైనరీలు, గ్యాస్ ప్లాంట్లు కలిసి ఇచ్చేది దేశానికి చాలదు. సగానికి పైగా బయటినుంచి కొంటున్నాం, అందులో ఖతార్, యూఏఈ, సౌదీ, కువైట్‌లదే పెద్ద వాటా. పెద్ద ఓడ ఒకటి సుమారు 45 వేల టన్నులు తెస్తుంది. మన బండల లెక్కలో 30 లక్షల పైమాటే. ఓడలో దాన్ని ఒత్తిడితో కాకుండా చలితో ద్రవంగా ఉంచుతారు, ప్రొపేన్‌ను మైనస్ 42 దగ్గర.

అంత సరుకు విశాఖలో ఎక్కడ దాస్తారో తెలిస్తే మీ అబ్బాయి ఆ రాత్రి నిద్రపోడు. కొండరాయి లోపల! సముద్రమట్టానికి 150 మీటర్లకు పైగా లోతున రాయిని తొలిచి గుహ చేశారు. 60 వేల టన్నులు పడుతుంది. 2007 నుంచి వాడుకలో ఉంది. లోపల ఇనుప రేకు గానీ సిమెంటు తొట్టి గానీ లేవు, ఒట్టి రాయే. మరి గ్యాస్ పగుళ్ళలోంచి పైకి రాదా? రానివ్వనిది నీరు. నూతిలో దిగేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది, ప్రతి పది మీటర్లకీ చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో చొప్పున. 150 మీటర్ల లోతున రాతి పగుళ్ళలోని నీటి ఒత్తిడి 15 కిలోలు. మన ఉష్ణోగ్రతలో ప్రొపేన్ తన్నేది 10 కిలోల దాకా. నీరు లోపలికి నెడుతుంది, గ్యాస్ బయటికి రాలేదు. ఆ నీరు తగ్గిపోకుండా పైన బోర్లు వేసి ఎప్పుడూ నింపుతూ ఉంటారు. లోపలికి ఊరిన నీటిని పంపుతో తోడేస్తారు.

మీ చివరి ప్రశ్నకి జవాబు కూడా ఈ రాయిలోనే ఉంది. మన తూర్పు కనుమల రాయి ఖోండలైట్, ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు. వంద కోట్ల ఏళ్ళ నాటి మాట, ఎప్పుడో లోతుల్లో విపరీతమైన వేడికి గురైన రాయి. చమురు పుట్టడానికి వంద డిగ్రీల చుట్టుపక్కల వేడి చాలు, గ్యాస్‌కి ఇంకొంచెం ఎక్కువ. ఇది వందల డిగ్రీలు చూసింది. అందులో ఉన్న కర్బనమంతా గ్రాఫైట్ అయి కూర్చుంది. పెన్సిల్ ములుకులో ఉండేది అదే. విజయనగరం వైపు కొండరాళ్ళు పగలగొడితే నల్లగా మెరిసే పలుకులు కనిపిస్తాయి చూడండి. టెక్కలి నీలి గ్రానైటు సంగతీ అంతే, అది కరిగి గడ్డకట్టిన రాయి. వీటిలో బోరు వేస్తే నీళ్ళు పడితే పడతాయి, గ్యాస్ పడదు. మనకి దగ్గరలో గ్యాస్ ఉన్నది గోదావరి తెచ్చి పోసిన మట్టి పొరల్లో, కృష్ణా గోదావరి బేసిన్‌లో. అక్కడి సముద్రపు బావుల్లోనిది దాదాపు అంతా మీథేనే. ఎరువులకీ కరెంటుకీ పనికొస్తుంది గానీ మీ బండలోకి రాదు.

కాబట్టి అమ్మా, మీ అబ్బాయికి ఇలా చెప్పండి. మన రాయిలో గ్యాస్ పుట్టలేదు, వచ్చిన గ్యాస్‌ను దాచి ఉంచుతున్నది మాత్రం మన రాయే. ఖతార్‌లో అది దాటి వచ్చిన పైపుల్లో ఏదో ఒకటి మన కంచిలి కుర్రాడో కవిటి కుర్రాడో బిగించి ఉంటాడు. 2024 నవంబరు 1న దీపం-2 పథకాన్ని మీ పక్కనే ఇచ్ఛాపురం మండలం ఈడుపురంలో ప్రారంభించారు. ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు అన్నారు. ఆ రోజు టీవీలో చూస్తూ నాకు మా పెద్దమ్మ, మా అరుగు మీద సుద్దముక్క పట్టుకున్న ఆ ఫిట్టరూ ఇద్దరూ గుర్తొచ్చారు.

ప్రశ్న: మాకు ఆరు గేదెలున్నాయి, గోబర్ గ్యాస్ ప్లాంటు ఉంది. మిగిలిన గ్యాస్‌ను ఖాళీ సిలిండర్‌లో పట్టి మా అల్లుడికి పంపొచ్చా? కంప్రెసర్ కొంటాను.
– ఒక రైతు, బొబ్బిలి

జవాబు: వద్దు నాయనా, ఆ కంప్రెసర్ కొనకండి. మీ పేడ తొట్టిలో వచ్చేది మీథేన్, సగానికి కాస్త పైన. మిగతాది ఎక్కువగా బొగ్గుపులుసు వాయువు. మీథేన్ ఒంటిపూస అని పైన చెప్పాను కదా, దానికి పట్టుదల ఎక్కువ. మైనస్ 82 డిగ్రీల కన్నా చల్లగా చేస్తే తప్ప ఎంత నొక్కినా ద్రవం కాదు. ప్రొపేన్ మన ఎండల్లో కూడా పది పదిహేను కిలోల ఒత్తిడికి లొంగిపోతుంది. అందుకే వంట బండ రేకు అంత పల్చన. ఆటోల్లో, కార్లలో మీథేన్‌ను సీఎన్‌జీగా నింపుతారు, దానికి 200 కిలోల ఒత్తిడి, దళసరి సిలిండరు కావాలి. వంట బండలో అలా నొక్కబోతే ప్రాణం మీదికి వస్తుంది. ఒక ఘనపు మీటరు గోబర్ గ్యాస్ సుమారు 400 గ్రాముల ఎల్‌పీజీకి సమానం. దాన్ని మీ పొయ్యి మీదే వాడి, ఇంటి బండ ఎక్కువ రోజులు వచ్చేలా చూసుకోండి. అల్లుడికి నెయ్యి పంపండి.

ప్రశ్న: మాది విజయనగరంలో టిఫిన్ సెంటర్. తెల్లవారుజామున నాలుగింటికి పెనం పెడతాం. డిసెంబరు, జనవరిలో 19 కిలోల సిలిండర్ ఇంకా బరువుగా ఉండగానే మంట తగ్గిపోతోంది. తూకంలో మోసమా?
– ఒక హోటల్ యజమాని, విజయనగరం

జవాబు: అనుమానం ఉంటే తూచి తీసుకోండి, అది మీ హక్కు. ఖాళీ బండ బరువు దాని మీదే రాసి ఉంటుంది. కానీ మీరు చెప్పినదాన్ని బట్టి ఇది మోసం కాదు, చలి.

ద్రవం ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని అది బండ నుంచీ, బండ చుట్టూ ఉన్న గాలి నుంచీ లాక్కుంటుంది. ఇంట్లో చిన్న స్టవ్‌కి నెమ్మదిగా వెళ్తుంది కాబట్టి తెలియదు. మీరు ఒకే బండ మీద దోసె పెనం, ఇడ్లీ పాత్ర, సాంబారు డేగిసా అన్నీ పెడితే లోపల ద్రవం దబదబా మరిగి తనకు తానే చల్లబడిపోతుంది. ఆ వేళకి బండను చూడండి, కింద కొంత ఎత్తు దాకా చెమట పట్టి ఉంటుంది. చెమట ఆగిన గీతే లోపలి ద్రవం మట్టం. ఇంకో సంగతి, ప్రొపేన్ చురుకైనది, ముందు అదే ఎక్కువగా వెళ్ళిపోతుంది. చివర మిగిలేది బ్యూటేన్, దానికి చలిలో ఒత్తిడి తక్కువ. అందుకే బండ సగం దిగాక మీ మంట నీరసించేది.

బండ మీద వేడినీళ్ళు పోయడం, పక్కకు పడుకోబెట్టడం మీ కుర్రాళ్ళు చేస్తుంటే ఈ రోజే మాన్పించండి. పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోకి వస్తుంది, స్టవ్ దగ్గర మంట మీటరు ఎత్తు లేస్తుంది. దారి ఒక్కటే. డీలరు మెకానిక్ చేత రెండు బండలు కలిపే మానిఫోల్డ్ పెట్టించుకోండి. రెండూ చెరి సగం భారం మోస్తే ఏదీ అంత చల్లబడదు. చివర వచ్చే బ్యూటేన్ కూడా అయిపోయేదాకా వాడుకోవచ్చు.

ప్రశ్న: సార్, ప్రొపేన్‌కి రంగూ వాసనా లేవని మా పుస్తకంలో ఉంది. మరి గ్యాస్ లీకైతే ఆ కంపు ఎక్కడిది?
– ఒక ఇంటర్ విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: పుస్తకం సరిగ్గానే చెప్పింది తల్లీ. ఆ కంపును కావాలని కలుపుతారు. విచిత్రమేమిటంటే ముడిచమురులోంచి వచ్చిన ఎల్‌పీజీలో మొదట గంధకపు కంపు ఉంటుంది. అది రేకునీ వాల్వునీ తినేస్తుందని ముందు కడిగి తీసేస్తారు. ఆ తర్వాత ఇథైల్ మెర్‌కాప్టన్ అనే మరో గంధకపు పదార్థాన్ని కొలిచి చిటికెడు కలుపుతారు. మన ముక్కు దాన్ని ఎంత పల్చగా ఉన్నా పట్టేస్తుంది.

ఇలా కలపడం తప్పనిసరి కావడం వెనక ఒక ఘోరం ఉంది. 1937 మార్చి 18న అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం న్యూ లండన్ అనే ఊళ్ళో ఒక బడి కింద వాసన లేని సహజవాయువు లీకై చేరింది. ఎవరికీ తెలియలేదు. నిప్పురవ్వ తగిలి బడి కూలింది. దాదాపు 300 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలే. మీ వయసు వాళ్ళు.

మన ఎల్‌పీజీతో ఇంకొక ప్రమాదం ఉంది. ప్రొపేన్ గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువు, బ్యూటేన్ రెండు రెట్లు. లీకైతే పైకి పోదు, నీళ్ళలా నేల మీద పాకి పల్లంలో, మంచం కింద, డ్రైనేజీలో నిలుస్తుంది. 1997 సెప్టెంబరు 14 తెల్లవారి విశాఖ రిఫైనరీలో ఎల్‌పీజీ లీకై అలాగే నేల మీద మేఘంలా పరుచుకుని అంటుకుంది. 50 మందికి పైగా చనిపోయారు. అప్పట్లో నేను టెక్కలిలో ఉన్నాను. మా కాలేజీలో ఒక అమ్మాయి తండ్రి అక్కడ పనిచేసేవాడు. ఆ రోజు సెలవులో ఉన్నాడు. మర్నాడు ఆ పిల్ల క్లాసుకి వచ్చి ముందు బెంచీలో కూర్చుంది, నేను పాఠం చెప్పలేకపోయాను.

అందుకే వాసన వస్తే ముందు రెగ్యులేటర్ ఆపి, తలుపులు కింది దాకా బార్లా తెరవాలి. లైటు స్విచ్చి వేయొద్దు, ఆపనూ వద్దు, ఫ్యాను కూడా అంతే. బయటికి వచ్చాక 1906కి ఫోన్ చేయాలి, ఇరవై నాలుగు గంటలూ ఎత్తుతారు.

నాకు జరిగింది కూడా చెబుతాను. ఒకసారి ఇంటికి వచ్చిన కొత్త బండకి రెగ్యులేటర్ పెట్టగానే సన్నగా బుస్సుమని చప్పుడు, వెంటనే ఆ కంపు. తీసి టార్చి వేసి చూస్తే వాల్వ్ లోపల ఉండాల్సిన నల్లటి రబ్బరు రింగు లేదు. చిటికెన వేలి ఉంగరమంత ఉంటుంది అది. ఎక్కడ పడిపోయిందో, ఎవరు చూసుకోలేదో నాకు తెలియదు. మూత బిగించి బండను పెరట్లోకి దొర్లించాను, చేతులు వణికాయి. మెకానిక్ వచ్చి రెండు నిమిషాల్లో కొత్త రింగు వేసి వెళ్ళాడు. అప్పటి నుంచి బండ తెచ్చిన కుర్రాడిని గుమ్మం దాటనివ్వకుండా సీలు తీయించి, టార్చి వేసి ఆ రింగు చూసుకున్నాకే డబ్బులిస్తున్నాను. వాడూ అలవాటుపడ్డాడు, ఇప్పుడు టార్చి వాడే తెస్తున్నాడు.